పాసు పుస్తకం మీద ఎవరి మొహం ఉండాలి?

కాస్త పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

మొన్న వడ్లు అమ్మిన డబ్బులు లెక్కపెడుతుంటే మా మనవడు అడిగాడు, "తాతా, గాంధీ తాత ఎవర్ని చూసి నవ్వుతున్నాడు?" అని. అది 1946లో తీసిన ఫోటో. పక్కన బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ ఉన్నాడు. ఆయన్ని కత్తిరించి, 1996 నుంచి గాంధీ నవ్వొక్కటే నోట్ల మీద వేస్తున్నారు. తీసినాయన పేరు కూడా మిగల్లేదు, ఫోటో మిగిలింది.

అదే ఏడాది మార్గరెట్ బోర్క్‌వైట్ అనే అమెరికా ఆవిడ గాంధీని ఫోటో తీయడానికొచ్చింది. ముందు రాట్నం తిప్పడం నేర్చుకో, ఆ తర్వాతే కెమెరా అన్నారు అక్కడివాళ్లు. ఆవిడ తీసిన ఫోటో చూడండి. రాట్నం ముందుంది, గాంధీ వెనక కూర్చుని కాగితాలు చదువుకుంటున్నాడు. పని ముందు, మనిషి వెనక. అందుకే ఇన్నేళ్లయినా నిలబడింది.

చర్చిల్ అంటే మనకి ప్రేమేం లేదు. బెంగాల్ కరువు మర్చిపోతామా? కానీ 1941లో కెనడాలో కార్ష్ అనే ఫోటోగ్రాఫర్ ఆయన నోట్లో చుట్ట లాగేసి, కోపంగా చూసిన చూపే పట్టేశాడు. అదే ప్రపంచమంతా గుర్తుంది. ముస్తాబైన మొహం కాదు, అసలు మొహం.

మరి మన దగ్గర? రీసర్వే చేసి ఇచ్చిన పాసు పుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి ఫోటో వేశారు. హద్దు రాళ్ల మీద పేరు చెక్కించారు. మా తాత బావి తవ్వి, గట్టు వేసి, బాండు రాసి సంపాదించిన నేల అది! 2024లో ప్రభుత్వం మారాక రాజముద్రతో కొత్త పుస్తకాలన్నారు. మంచిదే. కానీ రెండుసార్లు అచ్చు ఖర్చు ఎవరిదండీ? మనదే. ఆ ఫోటో తీసేసినవాళ్లు తమ ఫ్లెక్సీలు మాత్రం తగ్గించారా?

"పథకం ఇచ్చారు కదా, ఫోటో వేసుకుంటే తప్పేంటి?" అంటారు కొందరు. ఇచ్చింది సొంత జేబులోంచి కాదు బాబూ, మన పన్నుల్లోంచి. 2015లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలే ఉండాలంది. కేంద్రం, కొన్ని రాష్ట్రాలు మళ్లీ కోర్టుకెళ్లాయి. 2016లో ముఖ్యమంత్రులకీ మంత్రులకీ కూడా సరే అనిపించుకున్నాయి. మన మద్దతు ధర కోసం ఇంత పట్టుగా ఎవరైనా కోర్టుకెళ్లారా?

ఈసారి గ్రామసభకి ఏ పార్టీ వాళ్లొచ్చినా ఒక్కటే చెప్పండి. పాసు పుస్తకం మీద రాజముద్ర, లోపల రైతు ఫోటో, అంతే. కాలవకి నీళ్లు తెప్పించండి, మీ ఫోటో మేమే ఇంట్లో పెట్టుకుంటాం. పొలంలో దిష్టిబొమ్మ కావాలంటే అదీ మేమే కట్టుకుంటాం.