విసుగు వేఱు, ప్రజాభిప్రాయము వేఱు

2021 ఆగస్టు 30 వ తేది రాత్రి అమెరికా సేనల కడపటి విమానము కాబూలు విడిచినది. ఇరువదియేండ్ల యుద్ధ మా రాత్రితో ముగిసినది. ప్రజాభిప్రాయమే దీనిని ముగించినదనియు, ప్రజాస్వామ్యమునకు ఇది గొప్ప విజయమనియు చెప్పువారు మన పఠనమందిరములలోను కలరు. మేమీ మాట నంగీకరింపజాలము. అమెరికా ప్రజలకు యుద్ధముపై విసుగు పుట్టినమాట నిజము. కాని విసుగు వేఱు, ప్రజాభిప్రాయము వేఱు. విసిగినవాడు ప్రక్కకు తిరిగి పరుండును. అభిప్రాయము గలవాడు లేచి తలుపు తట్టును.

మొదటినుండి చూతము. న్యూయార్కు సౌధములు కూలిన మూడవనాడు, 2001 సెప్టెంబరు 14 న, సైన్యమును ప్రయోగించుటకు అధ్యక్షునికి అధికారమిచ్చు తీర్మానము కాంగ్రెసు ముందుకు వచ్చినది. సెనేటులో 98 మంది అవుననిరి, కాదన్నవాడు లేడు. ప్రతినిధిసభలో 420 మంది అవుననిరి. కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ యొక్కతెయే కాదనెను. ఆ తీర్మానమును మాబోటి వకీళ్ళు చదివినచో గుండె ఝల్లుమనును. అందు శత్రుదేశము పేరు లేదు, గడువు లేదు. ఆ ఘాతుకముతో సంబంధము కలదని అధ్యక్షుడు నిర్ణయించినవారిపై బలము నుపయోగింపవచ్చుననుటయే దాని సారము. యుద్ధము ప్రకటించు హక్కు కాంగ్రెసుదేయని వారి రాజ్యాంగము స్పష్టముగా చెప్పుచుండగా, ఆ సభ తన హక్కును ఒక్క కాగితముపై వ్రాసియిచ్చి చేతులు దులుపుకొన్నది. గడువులేని కౌలు వ్రాసియిచ్చి, పిదప కౌలుదారు పొలము విడువడేమని వగచిన నేమి ఫలము?

అక్టోబరు 7 న బాంబులు పడినవి. ఆ నవంబరులో గాలప్ సంస్థవారు విచారింపగా, సేనలను పంపుట పొరపాటన్నవారు నూటికి 9 మందియే. 2011 మే నెలలో బిన్ లాడెను పాకిస్థానమున హతుడయ్యెను. ఎవనికొఱకు యుద్ధమారంభమైనదో వాడే లేడు. 2014 ఫిబ్రవరిలో గాలప్‌వారు అదే ప్రశ్న నడుగగా 49 మంది పొరపాటనిరి, 48 మంది కాదనిరి. అయినను సేనలు మఱి యేడేండ్లు అచ్చటనే యున్నవి. 2009 డిసెంబరులో ఒబామా ముప్పదివేలమందిని అదనముగా పంపుచు, 2011 జూలైనుండి మరలింతునని ఒక్క యుపన్యాసమందే పలికెను. ట్రంపు యుద్ధమును నిందించుచు గద్దెనెక్కి, 2017 ఆగస్టులో తానును సేనలను పెంచెను. ప్రజలు వారి నడుగలేదు. ఎన్నికలలో ముచ్చటయంతయు ధరలు, ఉద్యోగములు, వైద్యవ్యయములు. టెలిఫోనులో ప్రశ్నించినవానికి పొరపాటే యని బదులిచ్చి, బదులిచ్చినవాడు భోజనమునకు లేచెను.

న్యాయస్థానములలో తిరుగువారి కొకమాట తెలియును. డిక్రీ పొందుట గొప్పగాదు. అమలు దరఖాస్తు పెట్టవలెను. పెట్టక యింట కూర్చున్నచో ప్రతివాది దర్జాగా ఆస్తి ననుభవించుచుండును, ఇటు కాలదోషము పట్టుచుండును. 2014 నాటి అమెరికా ప్రజల యభిప్రాయ మట్టి డిక్రీయే.

వారేల అమలు కోరలేదు? ఎద్దుపుండు కాకికి నొప్పియా యని మన పెద్దలందురు. ఈ యుద్ధమునకు నిర్బంధ సైనికభర్తీ లేదు. జీతమునకు చేరినవారే పోయిరి, వారు జనాభాలో నూటికొక్కరైనను కారు. యుద్ధపన్ను లేదు, సరికదా, 2003 లో ఇరాకు యుద్ధమునుగూడ తలకెత్తుకొని పన్నులు తగ్గించిరి! ఖర్చంతయు అప్పు. ఇక వియత్నాము యుద్ధమును తలచుడు. అప్పుడు 1968 లో ఆదాయపుపన్నుపై నూటికి పది అదనపుపన్ను పడినది. 1969 డిసెంబరు 1 న పుట్టినతేదీలను చీట్లుగా తీసి, ఎవని కొడుకు ముందుగా పోవలెనో దేశమంతయు చూచుచుండగా నిర్ణయించిరి. ఆ రాత్రి ఏ తల్లియు టెలివిజను కట్టివేసి నిద్రపోయియుండదు. అందుచేతనే వీధులు నిండినవి, సభ్యులకు భయము పుట్టినది. 1973 లో కాంగ్రెసు ఖజానాకు తాళమువేసి, ఆగస్టు 15 తరువాత కంబోడియాపై బాంబులు వేయుటకు డబ్బు లేదనెను. నిక్సను మాట పిదప చెల్లలేదు. అభిప్రాయము సంచిమూతిని పట్టుకొన్నపుడే దొరలు విందురు.

అట్లయిన భారము పడినవారికి తప్ప అన్యులకు అభిప్రాయ ముండజాలదా యని చదువరు లడుగవచ్చును. ఉండగలదు. నిదర్శనము అఫ్గనుదేశమునందే యున్నది. 1878 లో లిట్టను ప్రభువు దొరతనమున ఇంగ్లీషువారు ఆ దేశముపై దండెత్తిరి. మఱుసటి యేడు చివర గ్లాడ్‌స్టను స్కాట్లాండులోని మిడ్లోథియనులో ఊరూర తిరిగి, ఆ యుద్ధమును ఖండించెను. అప్పటికాయనకు డెబ్బదియేండ్లు నిండవచ్చినవి. మంచుకొండల పల్లెలోని అఫ్గనుల ప్రాణము మీ ప్రాణమువలెనే దైవమునకు పవిత్రమైనదను భావము నాయన తన శ్రోతల మనస్సులకు హత్తించెను. స్త్రీలకును, పొలముకూలీలకును వోటు లేని కాలమది. ఆ వోటర్ల కొడుకులను ఎవరును బలవంతముగా పట్టుకొనిపోలేదు. ఖర్చులో అధికభాగము వారిది కాదు. అయినను 1880 ఎన్నికలలో ఆయన పక్షము గెలిచినది, లిట్టను రాజీనామా యిచ్చెను, 1881 ఏప్రిలునాటికి కందహారునుండి గూడ సేనలు మరలినవి. విదేశనీతిలో వేఱు తప్పులును, దేశములో పంటలు పోయి వ్యాపారములు కుంగుటయు ఆ ఎన్నికలో పనిచేసినవి, కాదనము. కాని పరాయివాని ప్రాణమును ఎన్నికలసభలో విచారణకు బెట్టిన నాయకుడు ఒకడుండెను, వినిన జనులుండిరి.

ఆ ఖర్చు ఎవరిదో గూడ చెప్పవలెను, మనదే. బ్రిటిషు ఖజానా 50 లక్షల పౌనులిచ్చి చేయి కడిగికొన్నది. పెద్దమొత్తము హిందూదేశపు రాబడిపై పడినది. 1876-78 క్షామమున బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల రైతులు, కూలీలు మలమల మాడి చచ్చిన పిమ్మట, ఇక ముందు క్షామములకని పన్నులు వేసి ఏట కోటిన్నర రూపాయలు వేఱుగా నుంచుదుమని ప్రభుత్వమువారు పలికిరి. అఫ్గను యుద్ధము రాగా ఆ యేర్పాటు నిలిచిపోయినది. కరవుకని తీసిన పన్ను కయ్యమున కరిగినది. మిడ్లోథియను వోటరు అఫ్గను పల్లెను తలచెను, మంచిదే. బళ్ళారి గంజిదొడ్డి మాత్ర మాతనికి కానరాలేదు.

పరులను విమర్శించు మనకు ఇంటిలెక్క యొకటి కలదు. 1987 లో మన సేన సింహళద్వీపమునకు శాంతికని పోయి, యుద్ధమున చిక్కి, వేయిమందికి పైగా జవానులను కోల్పోయి 1990 మార్చిలో తిరిగివచ్చినది. మద్రాసులో దిగినపుడు వారి నెదుర్కొనుటకు తమిళనాడు ముఖ్యమంత్రి పోలేదు. ఏల పోయిరి, ఎవరు పంపిరి, అచ్చటి తమిళపల్లెలలో ఏమి జరిగినదను ప్రశ్నలపై మన యూళ్ళలో ఎన్ని సభలు జరిగినవి?

ఇక కాబూలునకు మరలుదము. సేనలు మరలుట తప్పని మేమనము. ఇరువదియేండ్లలో కానిది ఇరువదియొకటవ యేట కాదు. బ్రౌను విశ్వవిద్యాలయమువారి లెక్కలో అఫ్గను సాధారణజనులే 46 వేలకు పైగా మడిసిరి. మా యాక్షేపణ మరలిన తీరుపైన. 2020 ఫిబ్రవరి 29 న దోహాలో అమెరికావారును తాలిబానులును సంతకములు చేసిరి. కాబూలు ప్రభుత్వము అందు కక్షిదారు గాదు. ఆస్తిగలవాడు లేని రాజీ అది. 2021 ఆగస్టు 15 న తాలిబానులు నగరము ప్రవేశించిరి. ఆ నెలాఖరున ప్యూ సంస్థవారడుగగా అమెరికనులలో నూటికి 54 మంది మరలుట సరియే యనిరి, 42 మంది కాదనిరి. అంతటితో ఆ దేశము మాట వారి పత్రికల మొదటిపుటనుండి జారిపోయినది. ఆఱవతరగతి దాటిన బాలికలకు బడులు మూతబడినవి. 2022 డిసెంబరులో కళాశాలలును మూతబడినవి. దీనికి తాలిబానులే బాధ్యులు, సందియము లేదు.

కాని యొకదానికి వారు బాధ్యులు కారు. అఫ్గను కేంద్రబ్యాంకు న్యూయార్కులో దాచుకొన్న 700 కోట్ల డాలర్లు కాబూలు తాలిబానుల వశమైనపుడే స్తంభింపజేయబడినవి. 2022 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బైడెను అందు సగము అఫ్గనుల మేలుకని వేఱుపరచెను; అయ్యది సెప్టెంబరులో జెనీవాలోని యొక నిధికి పోయినది. తక్కిన సగముపై 2001 నాటి బాధితుల డిక్రీదారులు జప్తు కోరిరి. అట్లు కుదరదని 2023 ఫిబ్రవరిలో న్యూయార్కు న్యాయమూర్తి తీర్పు చెప్పెను. ఆ సొమ్ములో ప్రభుత్వధనముతోబాటు అఫ్గను వర్తకులును గృహస్థులును దాచుకొన్న డబ్బునకు ఆధారమైన నిలువయు కలదు. సేనలు మరలుట సరియేయన్న ఆ 54 మందిలో ఎందఱు తమ ప్రతినిధికి ఈ సొమ్మునుగూర్చి ఒక్క యుత్తరము వ్రాసిరి?