క్రిస్మస్ చీర ఎప్పుడు కొనాలి? పురుషులకు ఒక మాట

ఈ వారం మాట ముఖ్యంగా సహోదరులకు. సహోదరీలు కూడా చదవవచ్చు. చదివి ఆ ఫోను ఇంట్లో ఆయన చేతికిస్తే ఇంకా మంచిది.

డిసెంబరు 24 సాయంత్రం చిలకలూరిపేటలోనో నరసరావుపేటలోనో బట్టల కొట్ల దగ్గర చూడండి. అప్పటిదాకా తిరిగేవాళ్లు ఎక్కువమంది మన మగవాళ్లే. అంచు చూడరు, పొడవు చూడరు, "ఎర్రది ఒకటి ఇవ్వండి" అంటారు. రాత్రి ఆరాధనకు టైమవుతోందని కవరు పట్టుకుని బండెక్కుతారు. మర్నాడు ఉదయం ఆమె ఆ చీర కట్టుకోగలదా? జాకెట్టు ఎవరు కుడతారు? పండుగ దగ్గర పడితే టైలరమ్మ కొత్త గుడ్డ ముట్టుకోదు. ఫాల్ కూడా కుట్టించాలి కదా! కొత్త చీర మీదికి కలవని పాత జాకెట్టు వేసుకుని, పైట నిండా కప్పుకుని వెనక వరసలో కూర్చునే అక్కలను ప్రతి ఏడాదీ చూస్తున్నాం.

కాబట్టి చీర కొనేవారు డిసెంబరు మొదటి వారంలోనే కొనండి, అదీ ఆమెను వెంటబెట్టుకుని. కుర్రవాళ్లు "సర్‌ప్రైజ్ అయ్యగారూ" అంటారు. సర్‌ప్రైజ్ ఒక్క నిమిషం ఉంటుంది, నచ్చని రంగు చీర పదేళ్లు బీరువాలో ఉంటుంది. మంగళగిరి, చీరాల మనకు ఎంత దూరం? పత్తి పండించే మనం నూలు చీరను కాదని, తళుకు చూసి పాలిస్టరు కొనుక్కురావడం నాకెప్పుడూ అర్థం కాదు.

జ్ఞానులు ముగ్గురని లేఖనంలో లేదు, తెచ్చిన కానుకలు మాత్రం మూడు. బంగారము, సాంబ్రాణి, బోళము. వారు తూర్పు దేశము నుండి బయలుదేరేటప్పుడే ఏమి ఇవ్వాలో తెలిసి వచ్చారు. బేత్లెహేము సంతలో ఆఖరి రాత్రి వెతుక్కోలేదు.

ఇక డబ్బు సంగతి. పత్తి తీతకు, మిరప కోతకు వంగేది ఎక్కువగా ఆడవాళ్లే. డిసెంబరులో చాలా ఇళ్లలో కళ్లజూసే రొక్కం ఆ తీత కూలే. ఆ డబ్బు అడిగి తీసుకుని, దానిలో సగం వైన్ షాపులో ఇచ్చి, మిగిలినదానితో చీర తెచ్చి "నీకు నేను కొన్నాను" అనే సహోదరుడు మన మధ్య లేడని చెప్పగలమా? అది కానుక కాదు. ఆమె సొమ్ములో కొంత ఆమెకే తిరిగి ఇవ్వడం.

పొలంలో ఆమె ఏమి తొడుక్కుంటుందో గమనించారా? చీర మీద మీ పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా. ప్రతి క్రిస్మస్‌కు మీకు కొత్తది, మీరు విడిచింది ఆమెకు. మిరప కోసిన చేతులు రాత్రి మండుతుంటే కొబ్బరి నూనె రాసుకుని పడుకుంటుంది. ఆమె కొలతకు సరిపోయే మంచి నూలు చొక్కా ఒకటి, చేతి తొడుగులు, ముళ్లు దిగని చెప్పులు కొనండి. ఇవి చీరకు బదులు కాదు సుమా! చీరతో పాటు. చీర ఆమె సంతోషానికి, ఇవి ఆమె ఒంటికి. మిక్సీ, గ్యాస్ పొయ్యి కొని గిఫ్టు అనకండి, అవి ఇంటిల్లిపాదీ తినే వంటకు.

అమ్మకు ఏమి కొనాలని అడిగేవారు తక్కువ. ముందు కళ్ల డాక్టరుకు చూపించి అద్దాలు చేయించండి. అప్పటికీ చదవడం కష్టమైతే పెద్ద అక్షరాల బైబిలు కొనివ్వండి.

అప్పు మాత్రం వద్దు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఐదు వేలు తెస్తే నెలకు 150, వచ్చే క్రిస్మస్‌కు వడ్డీయే 1,800. 1878లో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారని మనం గొప్పగా చెప్పుకుంటాం. వారు కరువులోంచి వచ్చినవారు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో రోజు కూలితో బతికినవారు వారిలో ఉన్నారు. వారి మనవలం, మునిమనవలం మనం. పక్కింటివారి చీర చూసి ప్రామిసరీ నోటు రాసివ్వడం మనకు తగదు.

పత్తి రైతులకు 2025-26 సీజనులో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉండేది. కానీ తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. పండుగ ఖర్చుకని తడి పత్తి తొందరపడి దళారికి వేయకండి, నాలుగు రోజులు ఆరబెట్టండి.

మిరప రైతుల సంగతి వేరు. డిసెంబరులో పొలానికి మందు కొట్టడమే తప్ప పైసా రాదు. 2021లో నల్ల తామర పురుగు చేసిన నష్టం మరచిపోలేదు. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. రేపు రేటు ఎంతో ఎవరికి తెలుసు? ఇంకా కల్లానికి రాని కాయ మీద చీర కొనకండి. ఆమెతో కూర్చుని లెక్క చెప్పండి. "టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్లాక ఈస్టరుకు కొంటాను" అని ఇప్పుడే మాటివ్వండి. 2026లో ఈస్టరు ఏప్రిల్ 5. అప్పటికి టైలరమ్మకు కూడా తీరిక ఉంటుంది.