సరుకు పద్దులో ప్రాణాలు

బ్రిటన్ నుంచి తుపాకులు, వస్త్రాలు ఆఫ్రికాకు వెళ్లేవి. వాటికి బదులుగా కొన్న మనుషులను అమెరికా ఖండానికి, కరీబియన్ దీవులకు తరలించేవారు. అక్కడి చక్కెర తిరిగి బ్రిటన్ చేరేది. ఈ త్రికోణ వ్యాపారంలో మనిషి కూడా బీమా చేయదగిన సరుకే. దాని పర్యవసానమేమిటో జోంగ్ అనే ఓడ చరిత్ర తెలుపుతుంది.

లివర్‌పూల్ వర్తకులకు చెందిన ఆ ఓడ 1781 ఆగస్టులో 442 మంది ఆఫ్రికన్లతో అక్రా తీరం విడిచింది. అంతటి ఓడలో సాధారణంగా ఎక్కించే సంఖ్యకు ఇది రెట్టింపు కంటే అధికం. దారిలో వ్యాధులు ప్రబలాయి. నావికులు జమైకాను గుర్తించలేక దాటిపోయారు. నవంబరు 29న నీరు చాలదన్న సాకుతో తొలుత స్త్రీలను, పిల్లలను సముద్రంలోకి తోశారు. కొద్ది రోజులలోనే అలా బలైనవారు 130 మందికి పైమాటే. ఓడ జమైకా చేరేనాటికి 420 గ్యాలన్ల నీరు ఇంకా మిగిలే ఉంది.

రోగంతో మరణిస్తే బీమా రాదు. ఓడ రక్షణ కోసం పారవేశామంటే తలకు 30 పౌండ్లు వస్తాయి. యజమానులు ఆ సొమ్మే కోరారు. 1783లో లండన్ జ్యూరీ వారి పక్షమే వహించింది. గుర్రాలను సముద్రంలో పారవేసిన వ్యవహారంగానే జ్యూరీ దీనిని చూసిందని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ వ్యాఖ్యానించాడు. తదుపరి పునర్విచారణకు అనుమతి లభించినా, వివాదం సొమ్ము గురించే. ఒకప్పుడు తానే బానిసగా బతికిన ఒలౌడా ఈక్వియానో ఈ వార్తను గ్రాన్‌విల్ షార్ప్‌కు చేరవేశాడు. హత్యానేరం మోపాలని షార్ప్ అధికారులను కోరాడు. ఒక్కరిపైనా కేసు నడవలేదు.

ఇది కొందరు నావికుల క్రూరత్వమని సరిపెట్టుకొనుటకు మేము అంగీకరించము. ఒప్పందం సక్రమం, దావా సక్రమం, విచారణ సక్రమం. దస్త్రాల నడుమ ఉద్యోగ జీవితం గడిపిన మాబోటి వారిని కలవరపెట్టేది ఈ సక్రమతయే. మృతుల పేర్లు ఏ కాగితంలోనూ లేవు; వారి ధర మాత్రం ఉంది. 1807లో బ్రిటన్ ఈ వ్యాపారాన్ని నిషేధించింది. 1833 నాటి బానిసత్వ రద్దు చట్టం సైతం 2 కోట్ల పౌండ్ల పరిహారాన్ని యజమానులకే కేటాయించింది. బానిసలకు దక్కినది శూన్యం.

హక్కుల కోసం పాటుపడే మనం, ఏ చట్టం చేతికి వచ్చినా, అందులో మనిషిని ఏ పద్దు కింద రాశారో ముందుగా చూడాలి. జోంగ్ మృతులకు అన్యాయం కోర్టులో మొదలు కాలేదు. వారిని సరుకుగా రాసుకున్ననాడే మొదలైంది.