చూసినోడి పాపం

మా మాదిగపల్లె గుడిలో ఓ విధవరాలికి బల్ల ఆపేశారు. వ్యభిచారం చేసిందంట. ఒక్కతే చేసిందా? వాడికి మాత్రం బల్ల ఆగలేదు, సంఘపెద్ద గదా!

అయ్యగారు మత్తయి 5వ అధ్యాయం తీసి ఆడోళ్ల ముసుగుల గురించి చెప్పాడు. 28వ వచనం నేనూ చదివాను, నలుగురికి చదువు చెప్పేవాణ్ణే. అక్కడ యేసు తప్పుబట్టింది చూసినోడి గుండెని. కన్ను పీకి పారెయ్యమన్నదీ వాణ్ణే. పైట సర్దుకోమని ఎవర్నీ అన్లేదు.

మోకాళ్లదాకా చీరె ఎగదోపి మా అమ్మ నాట్లేస్తుంటే, గట్టుమీద గొడుగేసుకు నిలబడ్డ ఆసామి చూపు నాకెరుకే. ఆ చూపే పాపమన్న పుస్తకం అమ్మ ఎరిగింది అదొక్కటే. దాన్నే తిప్పి ఆమె మీదికి విసురుతారా?

యోహాను 8లోనూ ఆడదాన్నొక్కదాన్నే ఈడ్చుకొచ్చారు. మోషే ధర్మశాస్త్రం ఇద్దరికీ శిక్ష రాసింది. రెండోవాడు ఎటుబోయాడో ఎవరూ అడగలేదు. మా గుడిలోనైతే కానుకల సంచి తిప్పుతున్నాడు.