నగల పెట్టెలో తుపాకి

2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ ఒక రివాల్వరు విడుదల చేసింది. పేరు ‘నిర్భీక్’. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో హింసకు గురై చనిపోయిన అమ్మాయిని దేశమంతా ‘నిర్భయ’ అని పిలిచింది కదా, ఆ పేరుకి ఇది ఇంకో రూపం. .32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రమ లోహం, అరకిలో బరువు. ధర 1,22,360 రూపాయలు. మెరూన్ రంగు నగల పెట్టెలో పెట్టి అమ్మకానికి పెట్టారు. నగల పెట్టె ఎందుకయ్యా అంటే, మన ఆడవాళ్లకి నగలంటే ఇష్టం కదా అని జవాబు.

నాకు మొదట ఆ పెట్టె మీదే ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా ఆ మంట తగ్గలేదు. చదువు కోసం తండ్రి పొలం అమ్ముకున్న పిల్ల ఆమె. సినిమా చూసి ఇంటికి పోవడానికి దొరికిన బస్సు ఎక్కింది. లక్షా ఇరవై రెండు వేలు పెట్టి తుపాకి కొనగలిగిన మనిషి ఆ రాత్రి ఆ బస్సు కోసం రోడ్డు మీద ఎదురుచూసేదా? రాత్రిపూట నడిచే బస్సులు ఇవ్వలేని ప్రభుత్వం ఆమె పేరు మీద ఒక సరుకు తయారుచేసి, మిగతా ఆడవాళ్లని కొనుక్కోమంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య ఇదే మాట మన సమావేశాల్లో, మన స్నేహితురాళ్ల నోటివెంటే వింటున్నాను. ‘ధర్నాలు చేశాం, చట్టాలు తెచ్చుకున్నాం, ఏం ఒరిగింది? ఇక ఆడది తుపాకి పట్టాల్సిందే’ అని. అన్న వెంటనే చప్పట్లు. టీ తాగే దగ్గర చర్చ కాస్తా పిస్టలు మంచిదా రివాల్వరు మంచిదా అన్నదాని మీదకి పోతుంది. ఆ కోపంతో నాకు పేచీ లేదు. దాన్ని దుకాణం వైపు మళ్లిస్తున్నారే, అక్కడే పేచీ.

సరే, ఎంపిక దగ్గర్నుంచే మొదలుపెడదాం. ‘ఆడవాళ్ల తుపాకి’ అంటే చిన్నది, తేలికది, హ్యాండ్‌బ్యాగులో పట్టేది అని కదా లెక్క. తుపాకి పేల్చడం నేర్పేవాళ్లు చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. తూటా ముందుకి దూసుకుపోయేటప్పుడు తుపాకి వెనక్కి తంతుంది. బరువైన తుపాకి అయితే ఆ తన్నుని కొంత తనే మింగేస్తుంది. అదే తూటాని తేలికపాటి తుపాకిలో పేలిస్తే దెబ్బంతా మణికట్టుకే. గొట్టం పొట్టిదయ్యేకొద్దీ గురి చూసుకునే ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ మధ్య దూరం తగ్గుతుంది. చెయ్యి వెంట్రుకవాసి కదిలినా తూటా ఎటో పోతుంది. అంటే చిన్న తుపాకి నిజానికి చెయ్యి తిరిగినవాళ్లు వాడాల్సిన వస్తువు. దాన్ని ఎప్పుడూ తుపాకి ముట్టుకోని మనిషి చేతిలో పెట్టి ‘నీకోసమే చేశాం తల్లీ’ అంటున్నారు. చెయ్యి తిరగాలంటే వందల తూటాలు కాల్చి సాధన చెయ్యాలి. మన దగ్గర లైసెన్సు మీద కొనే తూటాలకి పరిమితి ఉంది. సాధన చేసే చోటు ఎన్ని ఊళ్లలో ఉంది? ఇక హ్యాండ్‌బ్యాగు సంగతి. జిప్పు లాగి, తాళాలూ దువ్వెనా తలనొప్పి మాత్రలూ పక్కకి నెట్టి దాన్ని పైకి తీసేదాకా, వెనకనుంచి జుట్టు పట్టుకున్నవాడు ఆగుతాడా?

అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1980ల చివర్లోనే ‘లేడీ స్మిత్’ పేరుతో ఈ వ్యాపారం చేసింది. చెప్పుల నుంచి చేతిగడియారాల దాకా ‘లేడీస్’ అని చీటీ అతికించిన ప్రతి వస్తువుకీ ఉన్న కథే దీనిదీను. ఆడదాని భయం కూడా ఒక మార్కెట్టే.

వేటగాళ్ల దగ్గర ఈ తిరకాసు ఉండదు. వాళ్లు ముందు జంతువేదో తేల్చుకుంటారు, తర్వాతే తూటా ఎంచుకుంటారు. తూర్పు గోదావరి మెట్టలో మా తాతయ్యకి పంట కాపలా కోసం లైసెన్సున్న 12 బోరు జంట గొట్టాల తుపాకి ఉండేది. ఆ తూటా పెట్టెల మీద ఉండే నంబర్లు మాకు ఎక్కాలకంటే ముందు వచ్చాయి. 6 నంబరులో ఆవాల్లాంటి సన్న గుళ్లు, కౌజు పిట్టలకి. 4 నంబరు కుందేలుకి. ఎస్‌జి, ఎల్‌జి అంటే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని లావు గుళ్లు, అడవి పందికి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మీద ఆంక్షలు వచ్చాయి. తుపాకి మాత్రం హాలు గోడ మీదే ఉండిపోయింది.

ఆత్మరక్షణ కోసం తుపాకి ఎంచుకోమంటున్నారు కదా, మరి ఇక్కడ జంతువేది? జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు దాదాపు ఏ ఏడాదివి తీసినా, అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు ఆమెకి తెలిసినవాడే. చుట్టం, పొరుగువాడు, ప్రేమించానన్నవాడు, పని ఇచ్చినవాడు. ఇవి ఫిర్యాదు దాకా వచ్చినవి. తుపాకి ప్రకటనల్లో మాత్రం ఎప్పుడూ చీకట్లోంచి వచ్చే కొత్తవాడే. అడవిలోంచి పందో ఎలుగో వచ్చినట్టు వాడు బయటినుంచి వస్తాడు. వేట భావజాలాన్ని తెచ్చి ఇంట్లో దించారు. మన జంతువు మన కంచంలోనే తింటుంది, మన పక్కలోనే పడుకుంటుంది. దానికి ఏ నంబరు తూటా?

మా ఇంటి తుపాకి సంగతి చెప్పాలి. అమ్మమ్మకి దాన్ని విప్పి గొట్టాలు తుడవడం వచ్చు, నూనె గుడ్డ పెట్టడం వచ్చు, పేల్చడం రాదు. ముట్టుకోవడానికి ఆమెకి అనుమతి ఉన్నది తుడవడం వరకే. భోజనాల దగ్గర మాటా మాటా పెరిగిన రోజున తాతయ్య లేచి వెళ్లి తుపాకి దించి మంచం మీద పెట్టుకునేవాడు. ఏమీ అనేవాడు కాదు. ‘తుడుచుకుంటున్నా’ అనేవాడు. అంతే, ఇల్లంతా నిశ్శబ్దం. నాకు తెలిసి ఆ ఇంట్లో ముప్పై ఏళ్లలో మనిషి మీద ఒక్క తూటా పేలలేదు. పేలాల్సిన అవసరం రాలేదు. ఏ నేర గణాంకాల్లోనూ ఆ ముప్పై ఏళ్లు ఉండవు. ఆయన పోయాక తుపాకి మా పెద్దమామయ్య పేరు మీదకి మారింది. పొలమూ అంతే. మా అమ్మకి పసుపు కుంకుమ అని ఒక చీర. 1985లో ఆడపిల్లలకి ఆస్తి హక్కు చట్టం వచ్చేనాటికి ఆమె పెళ్లై చాలా ఏళ్లయింది, పెళ్లైనవాళ్లకి అది వర్తించలేదు.

ఇప్పుడు మా అన్నయ్య కూతురు డల్లాస్‌లో ఉంటుంది. భర్తది హెచ్-1బి, తనది హెచ్-4. అతను నెలలో పదిరోజులు ఊళ్లు తిరుగుతాడు. 2017లో కాన్సాస్‌లో మన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లని జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పటినుంచీ అక్కడి తెలుగు ఇళ్లలో ఒక భయం కూర్చుంది. అది లేని భయం కాదు. పోయిన ఏడాది అతను ‘నీ రక్షణ కోసమే’ అని 9 ఎంఎం పిస్టలు కొన్నాడు. వలస వీసా కాని వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి ఉండకూడదని అమెరికా సమాఖ్య చట్టం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి వేట లైసెన్సు. మన పిల్లలు చాలామంది చేసేది అదే. జన్మలో పిచ్చుక మీద రాయి వెయ్యనివాడు కూడా రుసుము కట్టి వేట లైసెన్సు తీసుకుని, దాంతో ఇంటికి పిస్టలు తెచ్చుకుంటాడు.

‘మరి నీకుందా వేట లైసెన్సు?’ అని అడిగాను.

‘నాకెందుకత్తా, నేను వేటకి పోతానా?’ అని నవ్వింది.

చూశారా తమాషా! ఎవరి రక్షణ కోసం కొన్నారో ఆ మనిషి దాన్ని దగ్గర పెట్టుకుంటే చట్టం ప్రకారం నేరం. అతను కొనేముందు నెలరోజులు వీడియోలు చూశాడట. తాకగానే విచ్చుకునే తూటా కావాలా, మామూలుదా. గోడలు పలచగా ఉండే ఇంట్లో తూటా అవతలి గదిలోకి దూసుకుపోతుందా. ఇవన్నీ స్నేహితులతో చర్చించాడట. ఆమెని ఒక్కటీ అడగలేదు. పిస్టలు సేఫ్‌లో ఉంటుంది. సేఫ్ కోడ్ నీకు తెలుసా అన్నాను. కాసేపు మాట లేదు.

తుపాకి ఇంట్లో ఉంటే ఆడది భద్రంగా ఉంటుందన్న నమ్మకాన్ని అమెరికాలోనే కొలిచి చూశారు. పదకొండు నగరాల్లో స్త్రీ హత్యల మీద జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. కొట్టే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆమె హత్యకి గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని తేల్చారు. 2022లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా మన ప్రశ్ననే అడిగింది. తమకి తుపాకి లేకుండా, తుపాకి ఉన్నవాళ్లతో కలిసి బతికేవాళ్ల గతేమిటి? వాళ్లు ఇంట్లో భర్త లేదా సహచరుడి చేతిలో కాల్పులకి చనిపోవడం ఏడు రెట్లు ఎక్కువ. వాళ్లలో 84 శాతం ఆడవాళ్లు. తుపాకి వల్ల ప్రాణం దక్కించుకున్న స్త్రీ ఎక్కడా లేదని నేననను. ఉన్నారు. కానీ ఆ ఒక్కతె కథ అమ్ముడుపోయినట్టు ఈ మిగతావాళ్ల కథలు అమ్ముడుపోవు.

చట్టం ఏమంటుందో కూడా చూడండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలో నూరో సెక్షన్, అత్యాచారం చేయబోయేవాణ్ని ప్రాణం తీసైనా ఎదిరించే హక్కు ఇస్తుంది. అదే సంహిత 63వ సెక్షన్‌లో రెండో మినహాయింపు, భార్యకి పద్దెనిమిదేళ్లు నిండితే భర్త చేసేది అత్యాచారం కాదంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. బయటివాడయితే కాల్చే హక్కుంది. అదే పని మొగుడు చేస్తే అది అత్యాచారమే కాదు కనుక, ఆ కారణం మీద ఎదిరించే హక్కూ లేదు. ఏ కంపెనీ తుపాకి ఈ మినహాయింపుని కొట్టేస్తుంది?

మల్లు స్వరాజ్యాన్ని మర్చిపోయావా అంటారు నాతో. ఎలా మర్చిపోతాను? నైజాం ప్రభుత్వం ఆమె తలకి పదివేల రూపాయలు వెల కట్టింది. కానీ ఆమె తుపాకి దుకాణంలో కొన్నది కాదు, ఒంటరిగా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నదీ కాదు. ఆ తుపాకి వెనక ఊళ్లున్నాయి, దళం ఉంది, అన్నం మూట కట్టి పంపిన చేతులున్నాయి. అయినా 1951లో పోరాటం ఆగాక ఏమైంది? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్లకి తెలుసు, ఆ స్త్రీలలో ఎంతమందిని ఇక ఇళ్లకి పొమ్మన్నారో, ఎంత గాయపడ్డారో. చేతిలోంచి తుపాకి పోయింది, వంటిల్లు ఉన్నచోటే ఉంది. 2019లో వచ్చిన స్వరాజ్యం ఆత్మకథ పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. మాటని ముందు పెట్టుకుంది ఆవిడ.

ఇక ప్రభుత్వం చేతిలోని తుపాకి. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. పదహారేళ్లు తిరిగారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులందరినీ నిర్దోషులన్నది, దర్యాప్తు సరిగా జరగలేదన్నది, బాధితులకి పరిహారం ఇవ్వమన్నది. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర పోలీసులు నలుగురిని కాల్చేస్తే ఆడవాళ్లే వాళ్ల మీద పూలు చల్లారు. పోలీసులు చెప్పింది అక్కడా ఆత్మరక్షణే. సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఆ మాట నమ్మలేదు, చంపాలనే కాల్చారన్నది. మన పేరు మీద పేలే తుపాకి మన చేతిలో ఎప్పుడూ లేదు.

కనుక ఏ తుపాకి కొనాలి అని కాదు, ఎవరికి తుపాకి ఇవ్వకూడదు అని అడుగుదాం. కెనడాలో తుపాకి లైసెన్సుకి దరఖాస్తు పెట్టేవాడు భార్య సంతకం తేవాలి, రెండేళ్ల లోపు విడిపోయిన సహచరి ఉంటే ఆమెదీ. సంతకం లేకపోతే అధికారులే ఆమెకి కబురు చేస్తారు. అమెరికాలో, అంత తుపాకుల పిచ్చి ఉన్న దేశంలో, గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టాన్ని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఎనిమిదికి ఒకటి తేడాతో నిలబెట్టింది. మన 2005 గృహహింస చట్టం కింది నియమాల్లో హింసకి వాడిన ఆయుధాన్ని మేజిస్ట్రేటు చెబితే రక్షణాధికారి స్వాధీనం చేసుకోవచ్చు. వాడాక! మంచం మీద పెట్టి తుడుచుకునేవాడి సంగతేమిటి? లైసెన్సు ఇచ్చేముందు పోలీసులు వీధిలో విచారిస్తారు. వంటింట్లో ఉన్న మనిషిని విడిగా కూర్చోబెట్టి అడగమని మనం పట్టుబట్టలేమా? రెన్యువల్ చేసే ప్రతిసారీ అడగమని?

మొన్న డల్లాస్ నుంచి ఫోను వచ్చింది. సేఫ్ కోడ్ చెప్పమని అడిగిందట. ‘నీకెందుకు?’ అన్నాడట.