దూరపు బండ్లు – దారిలోని ఊళ్లు

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమను మాట తెలుగునాట ఊరక పుట్టలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. పల్లకి, బోయీలు, డేరాలు గల సంపన్నునకే పదిహేను నెలలకు పైగా పట్టిన ప్రయాణమది. నేడు విజయవాడలో రైలెక్కిన వృద్ధదంపతులు మూడవనాటికి గంగాస్నానము చేయగలరు. దూరము తగ్గినది, సందేహము లేదు. అయితే అది ఏ ఊరికి, ఎవరికి తగ్గినది అని అడిగినచో సమాధానము అంత సులువు కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల చరిత్రనే చూడవచ్చును.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప గోదావరి కాలువ తూర్పునుండియు, కృష్ణ కాలువ పడమటినుండియు వచ్చి ఏలూరులో కలిసికొన్నవి. ఈ కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. కాకినాడలో ఎక్కించిన సరకు ధవళేశ్వరము వద్ద గోదావరి దాటి, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా బెజవాడ చేరి, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలోనికి, అటనుండి బకింగ్‌హాం కాలువలోనికి దిగి చెన్నపట్టణము పోయెడిది. గాలి అనుకూలమైన తెరచాప. కాకున్న గట్టువెంట నడచు మనుష్యుల భుజములపై త్రాడు. లాకు వద్దకు వచ్చిన పడవ, తలుపులు మూసి నీటిమట్టము సరిచేయువరకు ఆగవలసినదే. ఆ ఆగుటలోనే వంట, భోజనము, పొరుగూరి కబుర్లు, పెండ్లి సంబంధముల మాటలు కూడ జరిగిపోయెడివి. వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేసినప్పుడు మాత్రము ఎడ్లబండియే గతి. పడవ నెమ్మదియైనదే, కాని దానికి చిన్న రేవు, పెద్ద రేవు అను భేదము లేదు.

1893, 1896 సంవత్సరముల నడుమ కటకమునుండి బెజవాడ వరకు తూర్పుకోస్తా రైలుమార్గము తెరవబడెను. అప్పటికి గోదావరిపై వంతెన లేదు. 1900లో హేవలాక్ వంతెన సిద్ధమగువరకు రాజమహేంద్రవరమునకు, కొవ్వూరునకు నడుమ ఏరు దాటక తప్పలేదు. బెజవాడనుండి చెన్నపట్టణమునకు మార్గము 1899లో ఏర్పడినది. పడవకు దినములు పట్టిన దారి రైలుకు గంటల లెక్కయైనది. అయినను పాసింజరు బండి పడవ స్వభావమును పూర్తిగా విడువలేదు. దెందులూరు, భీమడోలు, పూళ్ల, కైకరం, బాదంపూడి – అన్నిటను ఆగుచు, పాలబిందెలను, కూరగాయల గంపలను, పుస్తకముల సంచులను ఎక్కించుకొనుచు పోయెడిది. 1974లో విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు నడుమ ప్రారంభమైన గోదావరి ఎక్స్‌ప్రెస్ గూడెమును, ఏలూరును రాజధానికి ఒక రాత్రి దూరమునకు తెచ్చినది. పూళ్లకు, కైకరమునకు దానితో పనిలేకపోయినది.

గూడెమునకు విమానయోగము కూడ ఒకప్పుడు తగిలినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచట యుద్ధవిమానముల కొరకు రన్‌వే నిర్మించిరి. యుద్ధము ముగిసినది, ప్రయాణికుల విమానము మాత్రము రాలేదు. ఆ ఊరివారు విమానమెక్కవలెనన్న నేటికిని మధురపూడికో, గన్నవరమునకో పోవలసినదే.

రైలు వేగమనగా యంత్రబలము మాత్రమే కాదు. రెండు నిమిషములు ఆగిన బండికి రెండు నిమిషములే నష్టము కాదు. వేగము తగ్గించుకొనుటకు, మరల పుంజుకొనుటకు పట్టు కాలము కూడ కలియును. కావున వేగము పెంచదలచినవాడు మొదట కొట్టివేయునది చిన్న స్టేషనునే. 2023 జనవరిలో సికిందరాబాదు, విశాఖపట్టణముల నడుమ మొదలైన వందే భారత్ సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటలలో దాటినది. ఏలూరులో దానిని ఆపించుటకు 2024 ఆగస్టు వరకు వేచియుండవలసి వచ్చెను. జిల్లా కేంద్రమునకే ఇంత నిరీక్షణమైన పూళ్లను తలచువారెవరు?

వేగపు బండిని నిందించి ప్రయోజనము లేదు. హైదరాబాదులోని వైద్యుని వద్దకు పోవు రోగికి మూడు గంటలు కలిసివచ్చుట చిన్న మేలు కాదు. చిక్కు మరొకచోట నున్నది. 2020లో కరోనా కారణమున ఆగిన పాసింజరు బండ్లలో అనేకము తిరిగి నడచినప్పుడు ఎక్స్‌ప్రెస్ చార్జీతో నడచినవి. కనీసపు టిక్కెట్టు 10 రూపాయలకు మారుగా 30 రూపాయలైనది. 2024 ఫిబ్రవరిలో గాని ఆ భారము దిగలేదు. దినమునకు రెండు మారులు ప్రయాణము చేయు చిల్లర వ్యాపారి ఆ నాలుగేండ్లు ఎట్లు నెట్టుకొనివచ్చెనో ఏ వేగపు లెక్కలోను చేరదు.

ఇక కొల్లేరు. 1928లో గుడివాడ–భీమవరము రైలుమార్గము పడి కైకలూరు, ఆకివీడు పైప్రపంచముతో కలిసినవి. లంకలు మాత్రము చిరకాలము తాటిదోనెలనే నమ్ముకొనియుండెను. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు జనము పడవలపైననే తరలెడివారు. నేడు కొల్లేటి చెరువుల చేప, మంచుగడ్డల నడుమ లారీలలో కలకత్తాకు, అస్సామునకు పోవుచున్నది. శీతకాలమున వేల మైళ్ల ఆవలినుండి పక్షులు వచ్చి వ్రాలుచున్నవి. అంత దూరపు రాకపోకలు గల సీమలో, 2024 సెప్టెంబరున బుడమేటి వరద కొల్లేటిలోనికి దిగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డుపై నీరు పారి రాకపోకలు స్తంభించినవి. లంక గ్రామములవారికి మరల పడవయే దిక్కైనది.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ఏలూరు కాలువయు అందులోనిదే. దానిపై ప్రయాణికుల పడవ మరల కనబడలేదు. జలమార్గము మాట అటుంచి, వందే భారత్‌ను ఏలూరులో ఆపించుటకు చూపిన పట్టుదలలో కొంతయైనను ఎత్తైన లంక రోడ్లకై, భీమడోలులో ఆగు పాసింజరు వేళకు అందు బస్సుకై చూపిన చాలును. వరద వచ్చిననాడు పడవ దొరికిన లంక పిల్లవాడు బడికి పోవుచున్నాడు; దొరకనివాడు గట్టుపై నిలిచియున్నాడు.