ఇంటి లెక్కలు: బిడ్డ ప్రక్కన గడ్డ

కొన్ని మాటలు వినగానే మన ఇళ్ళలో పొయ్యిమీది అన్నం పొయ్యిమీదే మాడిపోతుంది. "గడ్డ" అటువంటి మాట. చేతిమీద సెగగడ్డ లేస్తే ఎవరూ కంగారుపడరు. అదే మాట చూలాలి కడుపుకు తగిలిస్తే ఇల్లంతా తలక్రిందులు. నెల తప్పిన పిల్లను మొదటి స్కానింగుకు తీసుకుపోతారు. బిడ్డ గుండె కొట్టుకుంటున్నదన్న చల్లని కబురు వస్తుంది. ఆ కాగితం అడుగునే "ఫైబ్రాయిడ్" అని ఒక ముక్క ఉంటుంది. ఆ సాయంత్రానికి ఇంటికి వచ్చినవారందరూ వైద్యులే! ఒకరు క్యాన్సరంటారు, ఒకరు అది బిడ్డను ఎదగనివ్వదంటారు, మరొకరు ఏదో పసరుతో కరిగిపోతుందంటారు. ఈ నెల ఆ ముక్కను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి గోడలోని కండ ఒకచోట ముద్దకట్టి పెరగటం. అది క్యాన్సర్ కాదు. అమెరికాలో 2003లో ప్రకటించిన ఒక పరిశీలనలో, యాభై ఏళ్ళు వచ్చేసరికి పదిమంది స్త్రీలలో ఏడెనిమిది మందికి ఇటువంటి కంతులు ఉన్నట్లు తేలింది. వారిలో చాలామందికి అవి ఉన్నట్లే తెలియదు. మన అమ్మమ్మలకూ ఉండే ఉంటాయి. చూసే యంత్రం లేదు గనుక పేరు పెట్టలేదు, అంతే. ఇప్పుడు ముప్పై దాటిన తరువాత తొలిచూలు మోసేవారు పెరిగారు, స్కానింగు అందరికీ చేస్తున్నారు. అందుకే ఈ మాట తరచుగా వినబడుతున్నది.

ఆ యంత్రానికీ ఈ గడ్డకూ పాత చుట్టరికం ఉన్నది. స్కాట్లండులో గ్లాస్గో నగరపు స్త్రీల వైద్యుడు ఇయాన్ డోనాల్డ్ 1955 జూలైలో, శస్త్రచికిత్సలో తీసిన ఫైబ్రాయిడ్లనూ నీటిగడ్డలనూ కార్లలో వేసుకొని ఒక బాయిలర్ల కర్మాగారానికి వెళ్ళాడు. ఇనుములో పగుళ్ళు పట్టే యంత్రానికి ఈ గడ్డలు ఎలా కనిపిస్తాయో చూద్దామని. గట్టి గడ్డ ఒక తీరుగా, నీటిగడ్డ ఒక తీరుగా కనిపించాయి. 1958లో ఆయన తన తోటివారితో కలిసి ఆ సంగతి ప్రకటించాడు. ఇవాళ మనం బిడ్డను చూసి మురిసిపోయే స్కానింగు అలా గడ్డలను చూడటంతోనే మొదలయిందన్నమాట.

ఇక గడ్డ ఎంత ఉన్నదన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉన్నదన్నది అంతకంటె ముఖ్యం. గర్భసంచిని ఒక గది అనుకోండి. గోడకు వెలుపల అరుగులా ఉన్న గడ్డ గదిలో ఉన్నవారికి సాధారణంగా అడ్డం రాదు. గోడ మందంలో ఉన్నది చాలామందిలో ఊరుకుంటుంది, పెద్దదైతే నొప్పి పెట్టవచ్చు. గది లోపలికి పొడుచుకు వచ్చినదానితో మాత్రం గర్భం నిలవటం కష్టం కావచ్చు. మాయ సరిగా గడ్డమీదే అతుక్కుంటే రక్తస్రావం అయ్యే భయం కొంత హెచ్చు. గర్భసంచి ముఖద్వారం దగ్గర ఉంటే బిడ్డ దిగే దారికి అడ్డు కావచ్చు. కనుక వైద్యురాలిని అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత పెద్దదండీ?" అని కాదు, "ఎక్కడ ఉన్నదండీ? మాయకు ఎంత దూరంలో ఉన్నది?" అని.

కడుపుతో ఉన్నంతకాలం గడ్డ పెరుగుతూనే ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. చాలామందిలో అలా జరగదు. పెరిగితే మొదటి మూడు నాలుగు నెలల్లోనే పెరుగుతుంది. తరువాత చాలావాటికి పెద్ద మార్పుండదు. కాన్పయిన తరువాత ఎన్నో చిక్కిపోతాయి.

ఈ పెరుగుదల లెక్క దగ్గరే మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. మా తోటికోడలి కూతురిని టెక్కలి ఇచ్చాము. మూడో నెలలో అక్కడ తీసిన స్కానింగులో గడ్డ 5.2 అని వచ్చింది. అయిదో నెలలో పిల్ల పెళ్ళికని బరంపురం వచ్చి, కడుపులో ఒక ప్రక్క పోటుతో మంచం పట్టింది. ఇక్కడి స్కానింగులో 56 అని వచ్చింది. "అయిదు కాస్తా యాభై ఆరయింది వదినగారూ! పిల్ల దక్కితే చాలు. బిడ్డను వదులుకొని గడ్డ తీయించేద్దాం" అని వియ్యపురాలు ఏడుపు. మా బావగారు అప్పటికే డబ్బు కోసం ఫోన్లు చేస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో లెక్కల కాగితాలు చూడటమే నా పని. రెండు కాగితాలూ ప్రక్కప్రక్కన పెట్టాను. మొదటిది సెంటీమీటర్లు, రెండవది మిల్లీమీటర్లు! అంటే 52 కాస్తా 56 అయింది. పెరిగింది నాలుగు మిల్లీమీటర్లు, ఒక కందిగింజంత. ఆ కొలమానం ఎవరూ చదవకపోతే ఆ రాత్రి ఏ నిర్ణయం జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మరి ఆ పోటు ఎందుకు వచ్చింది? గడ్డకు రక్తం చాలకపోతే దాని నడిమి భాగం చచ్చుబడి నొప్పి చేస్తుంది. గర్భిణులలో ఫైబ్రాయిడ్ పెట్టే బాధల్లో ముఖ్యమైనది ఇదే. నొప్పి ఒకేచోట ఉంటుంది, ముట్టుకోనివ్వదు, కొద్దిగా జ్వరం, వాంతి ఉండవచ్చు. చూసేవారికి గుండె తరుక్కుపోతుంది గాని, సాధారణంగా కొద్ది రోజుల్లోనూ, ఒకటి రెండు వారాల్లోనూ దానంతట అది తగ్గుతుంది. మా పిల్లకు విశ్రాంతి, సెలైను, పారాసిటమాల్ ఇచ్చారు. ఆరో రోజున లేచి కూర్చుని చారన్నం అడిగింది.

ఇక్కడొక హెచ్చరిక. పారాసిటమాల్ కూడా వైద్యులు చెప్పిన మోతాదులోనే వాడాలి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలను మందుల కొట్టులో అడిగి తెచ్చుకొని మింగరాదు. ముఖ్యంగా అయిదో నెల దాటిన తరువాత అవి బిడ్డ మూత్రపిండాలకూ, ఇంకా ముదిరిన నెలల్లో గుండె రక్తనాళానికీ కీడు చేస్తాయి. గడ్డ కరిగించే పసర్లు గర్భిణికి అసలే వద్దు. గర్భంలో ఉండగా గడ్డ కోసి తీయటం కూడా చాలా అరుదు, ఎందుకంటే ఆ సమయంలో గర్భసంచికి రక్తప్రవాహం హెచ్చు. కాడతో వ్రేలాడే గడ్డ మెలితిరిగినప్పుడో, ఏ మందుకూ నొప్పి లొంగనప్పుడో తప్ప ఆ పనికి పూనుకోరు.

అలాగని ప్రతి నొప్పినీ గడ్డ నొప్పేనని ఊరుకోకూడదు. రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, నెలలు నిండకముందే నొప్పులు తెరలు తెరలుగా వచ్చినా, జ్వరం హెచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, అర్ధరాత్రయినా సరే, 108కి ఫోను చేసి బయలుదేరవలసిందే.

ఫైబ్రాయిడ్ ఉన్నంత మాత్రాన ఆపరేషను కాన్పు తప్పనిసరి కాదు. చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. అయితే బిడ్డ అడ్డం తిరగటం, నెలలు నిండకుండా పుట్టటం, కాన్పు తరువాత రక్తం ఎక్కువ పోవటం కొంత హెచ్చు. కాబట్టి రక్తనిధి అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే పురుడు పోయించాలి. రక్తం ఇవ్వగల బంధువులు ఇద్దరికి ముందే చెప్పి ఉంచాలి. పిల్ల ఒంట్లో రక్తం ఉండటం అంతకంటె ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో 52 శాతానికి పైగా రక్తహీనత కనబడింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇనుము బిళ్ళలు గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. టీతోనూ పాలతోనూ కలిపి మింగితే ఒంటికి పట్టదు. 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రులలో నాలుగో నెల దాటిన గర్భిణులను ఉచితంగా పరీక్షిస్తున్నారు. స్థోమత లేనివారు ఆ తేదీ మరచిపోకండి.

మా పిల్లకు బిడ్డ అడ్డం తిరగటంతో ఆపరేషనే అయింది. గడ్డను మాత్రం ముట్టుకోలేదు. ఆరు నెలల తరువాత చూస్తే అది 38 మిల్లీమీటర్లకు దిగింది.

మన ఆడపిల్లలు కడుపుతో రెండు ఊళ్ళ మధ్య, రెండు భాషల మధ్య తిరుగుతారు. అత్తవారింట ఒక వైద్యురాలు, పురిటికి పుట్టింట మరొకరు. ఆసుపత్రిలో ఒడియా నర్సు "పేట"ను గురించి అడిగితే మా వియ్యపురాలు టెక్కలిలో తామున్న పేట పేరు చెప్పింది! ఒడియాలో పేట అంటే కడుపని ఆవిడకేం తెలుసు? నవ్వుకోవటానికి బాగానే ఉంటుంది గాని, నొప్పి ఎక్కడో చెప్పలేకపోతే ప్రమాదం. అందుచేత స్కానింగు కాగితాలన్నీ తేదీల వరుసన ఒక అట్టలో కుట్టండి. పైన ఒక తెల్లకాగితం మీద తేదీ, ఎన్నో వారం, గడ్డ కొలత, కొలమానం, మాయ ఉన్న చోటు, రక్తం శాతం, ఇవి తేటగా వ్రాయండి. ప్రయాణంలో ఆ అట్ట పిల్ల చేతిసంచిలో ఉండాలి, పెట్టె అడుగున కాదు.

చివరగా పెద్దలకొక మనవి. కాన్పయ్యాక "ఇక ఈ గర్భసంచి ఎందుకు, తీయించి పారేద్దాం" అనే తొందర మనవారిలో ఎక్కువ. దేశంలో ఈ ఆపరేషన్లు హెచ్చుగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. అనవసరంగా గర్భసంచులు తీయటాన్ని అరికట్టే నియమాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా. బాధ పెట్టని గడ్డను ఏడాదికొకసారి చూపించుకుంటూ ఉంటే సరిపోతుంది. తీయవలసి వస్తే రెండవ వైద్యురాలి సలహా తీసుకోండి. ఏ నిర్ణయమైనా ముందు ఆ పిల్లకు ఆమెకు తెలిసిన భాషలో చెప్పి, ఆమె సరేనన్న తరువాతే. సంతకం పెట్టవలసింది ఆమే, మోయవలసిందీ ఆమే గదా!